బంతి అందకముందు జరిగే పని: షూటింగ్ గార్డ్ బిల్ షార్మన్ కోచ్‌గా మారిన తీరుపై ఒక కేస్ స్టడీ

1971లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ యాజమాన్యం బిల్ షార్మన్‌ను కోచ్‌గా తీసుకునే నాటికి ఆ జట్టుకు పేరుకు లోటు లేదు, కరువల్లా ఫలితానికే. 1960లో మినియాపొలిస్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు తరలివచ్చిన తరువాత ఆ జట్టు ఎన్‌బీఏ (అమెరికాలోని ప్రధాన ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్‌కు ఏడుసార్లు చేరి ఏడుసార్లూ ఓడిపోయింది. కొత్త సీజన్ మొదలయ్యేసరికి సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు) విల్ట్ చాంబర్లేన్ వయసు 35, గార్డ్ (రింగుకు దూరంగా ఆడేవాడు) జెర్రీ వెస్ట్ వయసు 33, ఫార్వర్డ్ ఎల్గిన్ బేలర్ వయసు 37. బేలర్‌కు మడమ పైనుండే అకిలెస్ టెండన్ తెగి అంతకుముందు సీజన్ దాదాపు మొత్తం పోయింది. వెస్ట్ మోకాలి గాయంతో ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కు, అంటే ఛాంపియన్‌ను తేల్చే చివరి దశకు, దూరమయ్యాడు. ఆ సీజన్‌లో 48 గెలిచి 34 ఓడిన ఆ జట్టే, షార్మన్ వచ్చిన మొదటి ఏడాదిలో 69 గెలిచి 13 మాత్రమే ఓడింది. అందులో 33 గెలుపులు వరుసగా వచ్చాయి, ఆ రికార్డును ఎన్‌బీఏలో ఇప్పటికీ ఎవరూ దాటలేదు.

చాలాకాలంగా స్కూలు, కాలేజీ జట్లకు బాస్కెట్‌బాల్ నేర్పుతున్న నాకు ఈ కేసు మీద ఆసక్తి ఆ 33 అంకెతో పుట్టలేదు. గొప్ప షూటర్లు గొప్ప కోచ్‌లు కావడం మనం అనుకున్నంత తరచుగా జరగదు. మణికట్టులో, వేళ్ల కొసల్లో కుదురుకున్న నైపుణ్యాన్ని మాటల్లో పెట్టడం కష్టం, పెట్టినా వినేవాడి చేతికి అది ఎక్కదు. షూటింగ్ గార్డ్‌గా, అంటే దూరం నుంచి షాట్లు వేయడం ప్రధాన పనిగా ఉండే ఆటగాడిగా, షార్మన్ తన తరంలో అందరికన్నా నమ్మకమైన షూటర్లలో ఒకడు. అయినా కోచ్‌గా అతను జట్టుకు ఇచ్చింది తన షాట్‌ను కాదు, ఆ షాట్‌కు ముందు తాను చేసుకునే పనినంతటినీ. అతని కోచింగ్ జీవితాన్ని ఈ కోణంలో చూస్తే అక్కడక్కడా విడివిడిగా చెప్పుకునే చాలా విషయాలు ఒక వరుసలోకి వస్తాయని నా అభిప్రాయం. ఏ విషయాలు ఆ వరుసలో ఇమడవో కూడా ఈ రచనలో చెప్తాను.

ఆటగాడు

షార్మన్ 1926లో టెక్సస్‌లోని ఆబిలీన్‌లో పుట్టాడు, కాలిఫోర్నియాలోని పోర్టర్‌విల్‌లో హైస్కూలు చదివాడు, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నౌకాదళంలో పనిచేసి ఆ తరువాత యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో చేరాడు. ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. బాస్కెట్‌బాల్‌తో పాటు బేస్‌బాల్‌లో కూడా ఆరితేరినవాడు కావడంతో బ్రూక్లిన్ డాడ్జర్స్ సంస్థ అతన్ని కొన్నేళ్లపాటు తన కింది స్థాయి జట్లలో ఆడించింది. 1951 సెప్టెంబర్‌లో ప్రధాన జట్టులోకి పిలిచినా ఒక్క మ్యాచ్‌లోనూ దింపలేదు. ఆ నెల 27న అంపైర్‌తో వాగ్వాదం ముదిరి డాడ్జర్స్ బెంచ్ మీదివాళ్లందరినీ బయటికి పంపినప్పుడు వారిలో షార్మన్ కూడా ఉన్నాడు. బేస్‌బాల్ మేజర్ లీగ్‌లో ఒక్క బంతి ఆడకుండానే మైదానం బయటికి వెళ్లాల్సి వచ్చిన వాడిగా అమెరికా క్రీడా ముచ్చట్లలో అతని పేరు ఇప్పటికీ వస్తుంది.

బాస్కెట్‌బాల్‌లో మొదట అతన్ని తీసుకున్న వాషింగ్టన్ కాపిటల్స్ జట్టు 1951 జనవరిలో మూతపడింది. ఆ తరువాత అతని హక్కులు ఫోర్ట్ వేన్ పిస్టన్స్‌కు, అక్కడి నుంచి బాస్టన్ సెల్టిక్స్‌కు మారాయి. సెల్టిక్స్‌లో 1951 నుంచి 1961 వరకు పదేళ్లు ఆడి నాలుగు ఛాంపియన్‌షిప్‌లలో పాలు పంచుకున్నాడు: 1957, 1959, 1960, 1961. లీగ్‌లోని మేటి ఆటగాళ్లు ఆడే ఆల్‌స్టార్ మ్యాచ్‌కు ఎనిమిదిసార్లు ఎంపికయ్యాడు, 1955లో ఆ మ్యాచ్‌కు ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. కెరీర్ సగటు మ్యాచ్‌కు 17.8 పాయింట్లు. గార్డులు నూటికి నలభై షాట్లు వేయగలిగితేనే గొప్పగా చెప్పుకున్న రోజుల్లో ఫీల్డ్‌గోల్స్‌లో, అంటే ఆట నడుస్తుండగా వేసే షాట్లలో, అతని సగటు 42.6 శాతం.

అసలు చూడాల్సిన అంకెలు ఫ్రీ త్రోలవి, అంటే ఫౌల్‌కు పరిహారంగా ఒక గీత దగ్గర నిలబడి వేసే షాట్లవి. ఏడు సీజన్లలో లీగ్‌లో అందరికన్నా ఎక్కువ శాతం అతనిదే, 1958–59లో అది 93.2 శాతానికి చేరింది. లీగ్ మొత్తం సగటు నూటికి 75కు కాస్త అటూ ఇటూగా ఉన్న కాలమది. 1959 ప్లేఆఫ్స్‌లో వరుసగా 56 ఫ్రీ త్రోలు వేశాడు. ఫ్రీ త్రోలో ప్రత్యర్థి అడ్డం ఉండడు, దూరం మారదు, బంతి మారదు, మారేది ఆటగాడి ఊపిరి, అలసట, బెదురు మాత్రమే. పదేళ్లపాటు ఆ గీత దగ్గర నూటికి 88 పైచిలుకు వేసిన వాడు తన శరీరాన్నీ మనసునూ ప్రతిసారీ ఒకే స్థితికి తెచ్చుకోవడం నేర్చుకున్నవాడన్నమాట.

ఇక్కడ పక్కదారి పట్టినా ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 1957 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో షార్మన్ దాదాపు 70 అడుగుల దూరం నుంచి సెల్టిక్స్‌లో తన జోడీ గార్డ్ బాబ్ కూజీకి విసిరిన పాస్ గురి తప్పి నేరుగా రింగులో పడింది. అంత లెక్క ప్రకారం ఆడే మనిషి పేరు మీద నిలిచిపోయిన అత్యంత దూరపు బాస్కెట్ అది, అతను దాన్ని షాట్ అనుకుని వేయనే లేదు.

కూజీ పేరు వచ్చింది కాబట్టి అసలు విషయానికి వస్తాను. సెల్టిక్స్‌లో బంతి కూజీ చేతిలో ఉండేది. కోచ్ రెడ్ ఆవర్‌బాక్ ఆటంతా ఫాస్ట్ బ్రేక్ (ఎదుటివాళ్లు కుదురుకోకముందే బంతితో దూసుకెళ్లడం) మీద, 1956 తరువాత సెంటర్ బిల్ రస్సెల్ రీబౌండ్ల (గురి తప్పి తిరిగొచ్చే బంతులు పట్టడం) మీద నడిచేది. ఆ అమరికలో షార్మన్ పని బంతి లేకుండా పరుగెత్తడం: ఎదుటి గార్డును స్క్రీన్‌లకు (దారికి అడ్డంగా నిలబడే సహచరులకు) తగిలించి వదిలించుకోవడం, తనకు అలవాటైన చోటికి సరిగ్గా పాస్ వచ్చే క్షణానికి చేరుకోవడం, బంతి వేళ్లకు తగిలేసరికే కాళ్లు కుదురుకుని ఉండటం. ప్రేక్షకుడికి కనిపించేది బంతి అందాక జరిగే అర సెకను పని. షూటింగ్ గార్డుకు తెలిసిన ఆట మాత్రం దానికి ముందున్న ఎనిమిది, పది సెకన్లది. ఆ పదేళ్లలో షార్మన్‌కు అబ్బిన ఈ చూపే అతని కోచింగ్‌కు మూలధనం.

ఉదయపు అలవాటు

1950ల నడుమ షార్మన్‌కు మ్యాచ్ రోజు ఉదయం ఇంట్లో కాలు నిలిచేది కాదు. రాత్రి మ్యాచ్ దాకా ఆ అలజడిని మోయలేక ఇంటికి దగ్గరలోని ఒక హైస్కూలు జిమ్‌కు వెళ్లి కాసేపు డ్రిబిల్ చేసి, మ్యాచ్‌లో తాను షాట్లు తీసుకునే చోట్ల నుంచే షాట్లు వేసి, ఫ్రీ త్రోలు వేసి తిరిగి వచ్చేవాడు. ఆ రోజు రాత్రి ఆట తేలికగా సాగుతోందని గమనించి దాన్ని అలవాటు చేసుకున్నాడు.  ఇవాళ ఎన్‌బీఏ భాషలో షూట్‌అరౌండ్ అని వాడుకలో ఉన్న పద్ధతి పుట్టింది ఇలా, ఒక నెమ్మదిలేని మనిషి సొంత అవసరం నుంచి.

కోచ్‌గా అతని మొదటి జట్టు 1961–62లో కొత్తగా పుట్టిన అమెరికన్ బాస్కెట్‌బాల్ లీగ్‌లోని లాస్ ఏంజెలెస్ జెట్స్. అక్కడ ఆడుతూనే కోచింగ్ కూడా చేశాడు. సీజన్ మధ్యలోనే ఆ జట్టు మూతపడింది. అదే లీగ్‌లో క్లీవ్‌లండ్ పైపర్స్‌కు కోచ్‌గా ఉన్న జాన్ మెక్‌లెండన్ రాజీనామా చేయడంతో ఆ బాధ్యత షార్మన్‌కు వచ్చింది, 1962లో పైపర్స్ ఛాంపియన్ అయింది. తన సొంత అలవాటును జట్టంతటికీ నియమంగా పెట్టింది ఈ కాలంలోనే. ఆ లీగ్‌లో మూడు పాయింట్ల గీత ఉండేది. ఎన్‌బీఏలో ఆడినన్నాళ్లూ రెండు పాయింట్ల లెక్కలోనే దూరపు షాట్లు వేసిన వాడికి కోచ్ అయ్యాక ఆ గీత ఎదురవడం విచిత్రమే.

ఆ తరువాతి ఏళ్లను వేగంగా దాటుతాను. లాస్ ఏంజెలెస్‌లోని ఒక స్టేట్ కాలేజీలో రెండేళ్లు పనిచేశాడు. 1966లో సాన్ ఫ్రాన్సిస్కో వారియర్స్‌కు కోచ్ అయి మొదటి ఏడాదే ఫైనల్స్‌కు చేర్చాడు, అక్కడ చాంబర్లేన్ ఆడుతున్న ఫిలడెల్ఫియా చేతిలో 4–2 తేడాతో ఓడాడు. ఆ సీజన్‌లో లీగ్‌లోనే అత్యధిక సగటుతో పాయింట్లు చేసిన రిక్ బ్యారీ అది ముగియగానే వేరే లీగ్‌తో ఒప్పందం చేసుకుని వెళ్లిపోయాడు. 1968లో షార్మన్ కూడా ఆ లీగ్‌కే, అంటే అమెరికన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్‌లోని లాస్ ఏంజెలెస్ స్టార్స్‌కు వెళ్లాడు. ఆ జట్టు 1970లో ఫైనల్స్‌లో ఓడి, యూటాకు మారాక 1971లో కెంటకీ కర్నల్స్‌ను ఏడో మ్యాచ్‌లో ఓడించి ఛాంపియన్ అయింది. లేకర్స్ పిలుపు వచ్చే నాటికి రెండు లీగ్‌లలో ట్రోఫీ ఎత్తిన కోచ్ అతను.

లేకర్స్ సమస్య, షార్మన్ చేసిన మార్పులు

ఈ కేసులో మొదటి చిక్కు చాంబర్లేన్. అతనికి రాత్రి నిద్ర సరిగా పట్టదు, పొద్దెక్కేదాకా పడుకుంటాడు, ప్రాక్టీసులకు ఆలస్యంగా రావడంలో పేరుపడినవాడు. ఉదయం జిమ్‌కు రావాలన్న నియమాన్ని అలాంటి మనిషి మీద రుద్దితే రెండు వారాల్లో తిరుగుబాటు వస్తుంది, జట్టు మొత్తం ఎవరి వైపు నిలబడుతుందో చెప్పనక్కర్లేదు. షార్మన్ సీజన్ మొదలుకాకముందే అతనితో ఒంటరిగా మాట్లాడి, తన ఆలోచన వివరించి, ఒప్పించాడు. చాంబర్లేన్ వచ్చాడు, గెలుపులు మొదలయ్యాక వస్తూనే ఉన్నాడు. అతను వస్తున్నప్పుడు పన్నెండో ఆటగాడికి రాకుండా ఉండేందుకు సాకు దొరకదు. కొత్త కోచ్‌లు ఈ కేసులో మొదట గమనించాల్సిన సంగతి ఇదే: జట్టు అంతటికీ పెట్టే నియమాన్ని షార్మన్ ముందుగా ఒక్క మనిషితో బేరమాడి కుదుర్చుకున్నాడు.

రెండో మార్పు చాంబర్లేన్ ఆడే తీరులో వచ్చింది. ఒకప్పుడు సీజన్ సగటు 50 పాయింట్లు దాటించిన ఆటగాడిని షార్మన్ రస్సెల్ పోషించిన పాత్రలోకి మార్చాడు: రింగును కాపాడు, రీబౌండ్ పట్టు, పట్టిన బంతిని ఆలస్యం చేయకుండా పక్కకు విసిరి ఫాస్ట్ బ్రేక్ మొదలుపెట్టు. ఆ సీజన్‌లో చాంబర్లేన్ సగటు 14.8 పాయింట్లకు దిగింది, అంతకుముందు ఏడాది అది 20.7. మ్యాచ్‌కు 19.2 రీబౌండ్లతో లీగ్‌లో మొదటివాడయ్యాడు, వేసిన షాట్లలో 64.9 శాతం రింగులో పడ్డాయి. అతని పక్కన హ్యాపీ హెయిర్‌స్టన్ మ్యాచ్‌కు 13.1 రీబౌండ్లు పట్టాడు. ఈ ఇద్దరూ బోర్డు కింద ఉంటారన్న భరోసా మీదే మిగిలిన ముగ్గురూ ముందుకు పరుగెత్తగలిగారు. షార్మన్ సెల్టిక్స్‌లో రస్సెల్, ఆవర్‌బాక్‌ల దగ్గర చూసిన ఆటే ఇది. తనను ఏళ్ల తరబడి ఎదురుగా నిలబడి ఓడించిన జట్టు పద్ధతిని, ఆ జట్టు నుంచే వచ్చిన మనిషి మాట మీద చాంబర్లేన్ స్వీకరించడం మామూలు విషయం కాదు.

మూడో మార్పు మీద ఎక్కువసేపు ఆగుతాను. షూటింగ్ గార్డ్‌గా షార్మన్ అనుభవం అన్నిటికన్నా నేరుగా పనిచేసింది ఇక్కడే. గెయిల్ గుడ్‌రిచ్ ఎడమచేతి వాటం గార్డ్, ఎత్తు సరిగ్గా షార్మన్ అంతే. అతనూ వెస్టూ ఇద్దరూ బంతి చేతిలో ఉంటే బాగా ఆడేవాళ్లు, ఒక జట్టుకు ఉన్నది ఒక బంతే. షార్మన్ బంతిని వెస్ట్‌కు అప్పగించి, గుడ్‌రిచ్‌ను తాను కూజీ పక్కన చేసిన పనిలో పెట్టాడు. ఆ పని నడిచే తీరును ఒకసారి దగ్గరగా చూడండి. గుడ్‌రిచ్ బేస్‌లైన్ (రింగు వెనకుండే గీత) దగ్గర నిలబడి ఉంటాడు, అతన్ని కాపలా కాసేవాడు బంతి వైపు ఒక్కసారి తల తిప్పుతాడు. ఆ క్షణంలో గుడ్‌రిచ్ కదులుతాడు. పోస్ట్‌లో, అంటే రింగు దగ్గర, నిలుచున్న చాంబర్లేన్ భుజానికి తన భుజం రాసుకునేంత దగ్గరగా వెళ్తాడు, వెనక వచ్చేవాడికి మధ్యలో దూరేందుకు సందు దొరకదు. చాంబర్లేన్ అంత వెడల్పు మనిషిని చుట్టి రావడానికి ఆ కాపలాదారుకు రెండడుగులు అదనంగా పడతాయి. గుడ్‌రిచ్‌కు కావలసింది కూడా ఆ రెండడుగులే, అతను అవతలికి వచ్చేసరికి చేతులు ఛాతీ ఎత్తులో సిద్ధంగా ఉంటాయి, పాస్ అప్పటికే గాలిలో ఉంటుంది. అంతకుముందు ఏడాది 17.5 ఉన్న గుడ్‌రిచ్ సగటు ఆ సీజన్‌లో 25.9 అయింది. వెస్ట్ సగటు 25.8, పైగా మ్యాచ్‌కు 9.7 అసిస్ట్‌లతో (సహచరుడి బాస్కెట్‌కు దారితీసే పాస్‌లతో) లీగ్‌లో మొదటి స్థానం అతనిదే. ఇద్దరు గార్డుల సగటు మధ్య తేడా పదో వంతు పాయింటు. పంపకం ఇంతకన్నా సమంగా కుదిరిన గార్డుల జంటను చూపడం కష్టం.

నాలుగోది బేలర్ వ్యవహారం, అందరికన్నా బాధ కలిగించేది కూడా అదే. పన్నెండేళ్లకు పైగా ఆ జట్టుకు ముఖచిత్రంగా ఉన్న ఆటగాడికి కాళ్లు సహకరించడం లేదు. ఆ స్థానంలో రెండో ఏడాది ఆటగాడు జిమ్ మెక్‌మిలియన్‌ను ఆడించాలన్నది షార్మన్ ఉద్దేశం. తొమ్మిది మ్యాచ్‌ల తరువాత, నవంబర్ మొదటి వారంలో, బేలర్ ఆట నుంచి తప్పుకున్నాడు. ఖాళీ అయిన కెప్టెన్ పదవిని చాంబర్లేన్, వెస్ట్ పంచుకోవాలని షార్మన్ అనుకున్నాడు. వెస్ట్ వద్దనడంతో అది చాంబర్లేన్ ఒక్కడికే దక్కింది. షాట్లు తగ్గించుకోమని చెప్పిన మనిషికే కెప్టెన్సీ వెళ్లడంలో కోచ్ లెక్క ఎంతో, కాలం కలిసిరావడం ఎంతో విడదీసి చెప్పడం కష్టం. మెక్‌మిలియన్ సగటు 8.4 నుంచి 18.8కి పెరిగింది.

బేలర్ తప్పుకున్న తరువాతి మ్యాచ్ నవంబర్ 5న బాల్టిమోర్ మీద జరిగింది, లేకర్స్ 110–106తో గెలిచింది. ఆ రోజు నుంచి జనవరి 7న అట్లాంటాను 134–90తో ఓడించేదాకా ఆ జట్టుకు ఓటమి లేదు. జనవరి 9న మిల్వాకీలో కరీం అబ్దుల్ జబ్బార్ జట్టు 120–104తో ఆ వరుసను తెంచింది. అంతవరకూ ఎన్‌బీఏ రికార్డు 20 గెలుపులు, అది కూడా మిల్వాకీదే. ప్లేఆఫ్స్‌లో లేకర్స్ షికాగోను 4–0తో, మిల్వాకీని 4–2తో దాటి, ఫైనల్స్‌లో న్యూయార్క్ నిక్స్‌కు మొదటి మ్యాచ్ పోగొట్టుకుని తరువాతి నాలుగూ గెలిచింది. 1972 మే 7న చివరి మ్యాచ్‌లో చాంబర్లేన్ గాయపడ్డ చేతితోనే 24 పాయింట్లు, 29 రీబౌండ్లు చేశాడు. షార్మన్‌కు ఆ ఏడాది ఉత్తమ కోచ్ గౌరవం దక్కింది. మూడు వేర్వేరు ప్రొఫెషనల్ లీగ్‌లలో ఛాంపియన్‌షిప్ గెలిపించిన కోచ్ అతనొక్కడే.

గొంతు

ఈ విజయానికి షార్మన్ చెల్లించిన మూల్యం గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. ఆ సీజన్‌లో మ్యాచ్‌లు జరుగుతుండగా అరిచి అరిచి అతని స్వరతంతువులు దెబ్బతిన్నాయి. విశ్రాంతి ఇవ్వాల్సిన గొంతుకు విశ్రాంతి ఇవ్వకుండానే గెలుపుల వరుసలో ముందుకు వెళ్లాడు, ఆ తరువాత అతని మామూలు గొంతు తిరిగి రాలేదు. బతికినన్నాళ్లూ బొంగురుగా, గుసగుసకు కాస్త ఎక్కువగా మాత్రమే మాట్లాడగలిగాడు. అసిస్టెంట్ కోచ్‌గా పక్కనే ఉన్న కె.సి. జోన్స్, సెల్టిక్స్‌లో అతని పాత సహచరుడు, బెంచ్ మీద అతనికి ఆసరా అయ్యాడు.

కోచ్‌గా పనిచేసేవాళ్లకు ఇది పక్క విషయం కాదు. బయట సిమెంటు కోర్టు మీద, పక్క కోర్టులో మరో మ్యాచ్ ఈలల మధ్య, రోజుకు నాలుగైదు గంటలు అరిచే మన పీఈటీ మాస్టార్ల గొంతులు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. షార్మన్ పద్ధతిలో నాకు ఒక వైరుధ్యం కనిపిస్తుంది. పని అంతా మ్యాచ్‌కు ముందే పూర్తి కావాలని ఉదయాన్నే జట్టును నడిపించిన మనిషి, రాత్రి మ్యాచ్‌లో అంతగా అరవాల్సిన అవసరం ఏమిటి? అతని స్వభావమే అంత అని ఒక సమాధానం. ఆటగాడిగా ఉన్నప్పుడు ఆ అలజడిని షాట్లుగా మార్చుకునే దారి ఉండేది, బెంచ్ మీద కూర్చున్నాక ఆ దారి మూసుకుపోయి అది గొంతులోంచి బయటపడిందని నేననుకుంటాను. ఆటగాళ్లు కోచ్‌లుగా మారేటప్పుడు ఈ సంగతిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

పద్ధతి ఎక్కడ ఆగిపోయింది

1972–73లో లేకర్స్ 60 గెలిచి ఫైనల్స్‌లో అదే నిక్స్ చేతిలో 4–1తో ఓడింది. ఆ తరువాత చాంబర్లేన్ వెళ్లిపోయాడు, 1974లో వెస్ట్ ఆట మానేశాడు. 1974–75లో ఆ జట్టు 30 గెలిచి 52 ఓడి తన డివిజన్‌లో అట్టడుగున నిలిచింది. అదే కోచ్, అవే ఉదయాలు. 1975లో జబ్బార్ వచ్చాక కూడా 1975–76 లెక్క 40 గెలుపులు, 42 ఓటముల దగ్గరే ఆగింది. అయిదు సీజన్లు కలిపి 246 గెలుపులు, 164 ఓటములు.

కాబట్టి షూట్‌అరౌండ్ వల్లే 33 గెలుపులు వచ్చాయని చెప్పే కథనాలను నేను నమ్మను. ఆ పద్ధతి ఆటగాళ్లను తయారుచేయదు, ఉన్న ఆటగాళ్ల మధ్య ఒప్పందాన్ని మాత్రం ప్రతి ఉదయం మళ్లీ గుర్తు చేస్తుంది. వెస్ట్ ఎక్కడ నిలబడతాడు, గుడ్‌రిచ్ ఎటు నుంచి వస్తాడు, చాంబర్లేన్ బంతి పట్టగానే మొదటి చూపు ఎటు: ఇవన్నీ సాయంత్రం ఆలోచించాల్సిన అవసరం లేకుండా ఉదయమే కాళ్లకు తెలిసిపోతాయి. పాత్రలే సరిగా పంచని జట్టుకు ఉదయపు గంట వల్ల ఒరిగేదేమీ ఉండదు, ఇంకొంచెం అలసట తప్ప.

ఇంకో మాట కూడా చెప్పాలి. షార్మన్ తరువాత ఎన్‌బీఏ జట్లన్నీ ఈ ఉదయపు అలవాటును తీసుకున్నాయి, దశాబ్దాల పాటు అది ప్రశ్నకు తావులేని నియమం అయిపోయింది. ఇటీవలి కాలంలో నిద్ర మీద జరిగిన పరిశోధనల వెలుగులో కొన్ని జట్లు దాన్ని మధ్యాహ్నానికి జరిపాయి, కొన్ని చాలా రోజులు మానేస్తున్నాయి. రాత్రి మ్యాచ్ ముగించుకుని అర్ధరాత్రి విమానంలో మరో ఊరు చేరే ఆటగాడిని పొద్దున్నే లేపడం వల్ల వచ్చే లాభం కన్నా నష్టం ఎక్కువన్నది వాళ్ల లెక్క. చాంబర్లేన్ అభ్యంతరంలో శాస్త్రం ఉందన్నమాట, కాకపోతే 1971లో దాన్ని బద్ధకం అన్నారు. షార్మన్‌కు సరిపడ్డ మందు నెమ్మదిలేని వాడి మందు. నిద్ర చాలని వాడికి అదే మందు పనిచేయాలన్న నియమం ఏమీ లేదు.

ఆ తరువాత

1976లో షార్మన్ కోచింగ్ వదిలి లేకర్స్ జనరల్ మేనేజర్ అయ్యాడు, 1982లో ఆ సంస్థకు అధ్యక్షుడయ్యాడు. గొంతు లేని మనిషికి తగిన పని దొరికింది. 1976లో గుడ్‌రిచ్ న్యూ ఆర్లియన్స్ జాజ్‌కు వెళ్లినప్పుడు పరిహారంగా వచ్చిన డ్రాఫ్ట్ హక్కు (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వంతు) 1979లో మొదటి స్థానానికి చేరి గార్డ్ మ్యాజిక్ జాన్సన్‌ను తెచ్చింది. 1980లో క్లీవ్‌లండ్‌తో కుదిరిన మార్పిడిలో దొరికిన మరో హక్కు 1982లో ఫార్వర్డ్ జేమ్స్ వర్తీగా మారింది. ఒకప్పుడు తానే బంతి లేకుండా పరుగెత్తించిన గార్డు వెళ్లిపోతూ మూడేళ్ల తరువాతి మ్యాజిక్ జాన్సన్‌ను వదిలి వెళ్లడం కాకతాళీయమే. అంత ముందుగా హక్కులు కూడబెట్టి ఓపిక పట్టడం మాత్రం కాకతాళీయం కాదు. అతను జనరల్ మేనేజర్‌గా ఉన్న కాలంలో 1980, 1982లో, అధ్యక్షుడిగా ఉండగా 1985, 1987, 1988లో లేకర్స్ ఛాంపియన్ అయింది.

బాస్కెట్‌బాల్ మేటివాళ్లను గౌరవించే నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్ అతన్ని ఆటగాడిగా 1976లో, కోచ్‌గా 2004లో చేర్చుకుంది. రెండు హోదాల్లోనూ చేరినవాళ్లు అతని కన్నా ముందు జాన్ వుడెన్, లెన్నీ విల్కెన్స్ మాత్రమే. షార్మన్ 2013 అక్టోబర్ 25న కాలిఫోర్నియాలోని రెడోండో బీచ్‌లో, 87 ఏళ్ల వయసులో మరణించాడు.

మన కోర్టుల మీద

తెలుగు రాష్ట్రాల జిల్లా, రాష్ట్ర స్థాయి టోర్నమెంట్లలో ఒకే రోజు రెండు మ్యాచ్‌లు ఆడాల్సి రావడం మామూలే. మొదటిది ఎండ ముదరకముందు, రెండోది పొద్దు వాలాక. కోర్టు ఖాళీ దొరకదు, దొరికినా జట్టంతటికీ రెండు బంతులు. అలాంటి చోట షార్మన్ ఉదయపు గంటను ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టడం పిల్లల కాళ్లను ముందే అరగదీయడమే. నేను తీసుకున్నది అందులోని వరుసను మాత్రమే. మ్యాచ్‌కు ముందు దొరికే కొద్ది నిమిషాల్లో లే అప్ (పరుగెత్తుకొచ్చి రింగు దగ్గర నుంచి వేసే షాట్) లైన్లు కట్టి చప్పట్లు కొట్టించడం తగ్గించి, ప్రతి ఆటగాడినీ అతను మ్యాచ్‌లో నిజంగా షాట్ తీసుకునే రెండు చోట్లకే పంపుతాను. అక్కడికి నడిచి వెళ్లి నిలబడి వేయడానికి ఒప్పుకోను. స్క్రీన్‌ను రాసుకుంటూ వచ్చి, చేతులు ముందే ఎత్తి పెట్టుకుని, పాస్ అందుకుని వేయాలి. బంతి తక్కువైతే బంతి లేకుండానే ఆ పరుగు పెట్టిస్తాను, పిల్లలు మొదట నవ్వుతారు. ఫ్రీ త్రోలు చివర్లో, ఊపిరి ఎగబీలుస్తున్నప్పుడు, ఒక్కొక్కరికీ రెండే, మ్యాచ్‌లో వచ్చేవి కూడా రెండే కాబట్టి. మైదానం పక్కన చెట్టు నీడ ఉంటే ఎదుటి జట్టు వాడే ఒకటి రెండు ఎత్తుగడలను చెప్పులతోనో, నీళ్ల సీసాలతోనో నేల మీద పేర్చి చూపిస్తాను. ఇవన్నీ ముగిసేసరికి జట్టులో ఎవరు ఎవరి కోసం పరుగెత్తుతున్నారో ఆ పిల్లల చేతే చెప్పిస్తాను, వాళ్లు తడబడితే ఆ రోజు మొదటి క్వార్టర్‌లో ఆ ఎత్తుగడను వాడను.